బోరులో పెట్రోలు దొరక్కుండా నీళ్ళు పరీక్ష చేయించడం ఎలా?

బంకు పెట్టి పాతికేళ్ళు. భూమిలో ఉన్న ఇనప ట్యాంకుదీ అదే వయసు. వెనక వీధిలో ఎవరో తమ బోరు నీళ్ళు కంపు కొడుతున్నాయని అర్జీ పెట్టారు, ఇప్పుడు మీ ఆవరణలో భూగర్భజలం పరీక్ష చేయించమంటున్నారు. కంగారెందుకండీ? చేయించండి. పరీక్ష చేయించడం వేరు, ఏదైనా దొరకడం వేరు.

ముందు స్టాకు రిజిస్టరు సంగతి. పొద్దున డిప్ రాడ్ దించితే రోజూ కొన్ని లీటర్లు తగ్గుతున్నాయా? "ఆవిరి" అని రాసేయండి. డిసెంబరు చలిలో కూడా అంతే తగ్గితే అది ఆవిరి చూసుకోవాల్సిన విషయం, మీది కాదు. ఇక నీళ్ళలో వెతకాల్సిన బెంజీన్ సంగతి. పెట్రోలులో అది 1 శాతం మించకూడదని బీఎస్-6 ప్రమాణం. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ రెండంకెలూ ఒకే కాగితం మీద పడనివ్వకండి. పడ్డాయంటే, ఒక్క లీటరు పెట్రోలు ఎనిమిది లక్షల లీటర్ల పైచిలుకు నీళ్ళను ఆ గీత దాకా తేగలదని ఎవడో గుణించి చెప్తాడు.

నీళ్ళు ఎటు నడుస్తున్నాయో తెలియాలంటే కనీసం మూడు బోర్లు త్రికోణంగా వేసి మట్టాలు కొలవాలంటారు జియాలజిస్టులు. మీరు ఒక్కటే వేయండి, అదీ మెరక వైపు, రోడ్డును ఆనుకుని. పల్లం వైపు వేయమంటే వాస్తు ఒప్పుకోదనండి. వాస్తు మాటెత్తితే ఎంతటి ఇంజనీరూ మారు మాట్లాడడు. పైగా మీది తెలంగాణ గ్రానైటు నేల అయితే అదృష్టమే. అక్కడ నీళ్ళు నేల వాలును నమ్ముకోవు, రాతి పగుళ్ళ వెంట పోతాయి. కొత్త బంకుకూ ఇళ్ళకూ మధ్య 50 మీటర్ల ఎడం ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది కానీ, ఆ కాగితం పగుళ్ళకు ఇంకా చేరలేదు.

అసలు కిటుకు కేసింగులో ఉంది. పెట్రోలు నీళ్ళకన్నా తేలిక, నీటిమట్టం మీదే పరుచుకుంటుంది. అందుకే పరీక్ష బోరులో చిల్లుల పైపు నీటిమట్టానికి కాస్త పైనుంచి కాస్త కింది దాకా ఉండాలి. మీ బోరుబండి మేస్త్రికి ఈ గొడవ తెలీదు, మీరూ చెప్పకండి. తోటకు వేసినట్టే పైనంతా చిల్లుల్లేని కేసింగు దించేస్తాడు. 30 అడుగుల దగ్గర పెట్రోలు పొర తేలుతుంటే మీ శాంపిల్ 200 అడుగుల నుంచి వస్తుంది, పన్నీరులా.

ముహూర్తం కూడా ముఖ్యమే. వానలు బాగా పడ్డాక, ఆశ్వయుజంలో పెట్టించండి. మట్టం పైకొచ్చేసరికి పెట్రోలు మట్టి సందుల్లో నీళ్ళకింద ఇరుక్కుపోతుంది, బోరులో పొర పలచబడుతుంది. ఏప్రిల్లో మట్టం దిగితే ఆ సరుకు కారి మళ్ళీ బోరులోకి తేలుతుంది కాబట్టి వేసవిలో ఎవరినీ రానివ్వకండి.

శాంపిల్ తీసే రోజు పొద్దున్నే కంప్రెసర్ బండి పిలిచి బోరు ఫ్లషింగ్ చేయించండి. గాలి బుడగలు బెంజీన్‌ను వెంటబెట్టుకు పోతాయి. చూసినవాళ్ళకు శుభ్రం చేస్తున్నట్టే ఉంటుంది. ల్యాబ్ వాళ్ళు 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు తెస్తారు. అంచుదాకా నింపాలి, మూత బిగించి బోర్లిస్తే లోపల ఒక్క బుడగైనా కదలకూడదు, వెంటనే ఐసుపెట్టెలో పెట్టాలి. ఇంత చాదస్తం మనకెందుకు? కూల్‌డ్రింక్ సీసాలో సగం పోసి, మధ్యాహ్నం దాకా బైకుకు తగిలించి ఉంచండి. మిగిలిన బెంజీన్ ఆ ఖాళీ సగంలోకి చేరుతుంది, మూత తీయగానే దాని దారి అది చూసుకుంటుంది.

ఏ పరీక్ష చేయాలో కూడా మీరే చెప్పండి: టీడీఎస్, కాఠిన్యం, ఫ్లోరైడు. పక్కాయన ఎదుటే టీడీఎస్ మీటరు ముంచి చూపిస్తే ఇంకా మంచిది. ఆ మీటరు నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసే సాధనం. బెంజీన్ ఆ లెక్కలోకే రాదు. ఒకవేళ బెంజీన్ పేరు చెప్పి పట్టుబట్టారో, 100 మైక్రోగ్రాముల కింద చూడలేని యంత్రమున్న ల్యాబ్ వెతకండి. 80 ఉన్నా రిపోర్టులో "గుర్తింపు పరిమితి కన్నా తక్కువ" అని వస్తుంది. ఇంత అందమైన అబద్ధం నిజాయితీగా రాయడం ఇంకెక్కడా సాధ్యం కాదు.

"ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాలే కదా, చెరుకు సరుకు, నేలకేం చేస్తుంది?" అని కూడా అనొచ్చు. నేలలోని సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌నే తింటాయి, ఆ విందులో ఆక్సిజన్ అయిపోతుంది, ఆకలి తీరినవాటి ముందునుంచి బెంజీన్ ఇంకా దూరం వెళ్తుంది. ఈ ముక్క మాత్రం మీ నోట రాకూడదు.

అర్జీ పెట్టినాయనకు రోజూ రెండు 20 లీటర్ల క్యాన్లు ఉచితంగా పంపండి, మంచి పేరొస్తుంది. ఆ నీళ్ళ ప్లాంటు బోరు ఏ వీధిలో ఉందో మాత్రం ముందుగా కనుక్కోండి.