బ్లాకు మీది నంబరు

ఇంజను బ్లాకు మీద కొట్టిన నంబరు ఆ బ్లాకు ఏ రకానిదో, ఎప్పటిదో మాత్రమే చెబుతుంది. లోపల తిరిగే క్రాంకు గురించి, దాన్ని పట్టుకున్న రాడ్ల గురించి ఒక్క ముక్క చెప్పదు. ఆనందపురం జంక్షన్‌లో ట్రాక్టర్లు బాగుచేసే ఏ కుర్రాడికైనా ఇది తెలుసు. ఉక్కు కర్మాగారంలో కొలతల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైన నాకూ తెలుసు. తెలిసే పక్కన పెట్టాను.

ఎందుకంటే అది మా నాన్న ట్రాక్టరు. మాసీ ఫెర్గూసన్ 1035. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను. సింప్సన్ వాళ్లు చెన్నైలో పర్కిన్స్ లైసెన్సు మీద ఇంజన్లు మొదలుపెట్టారు. ఆ వంశం ఇంజన్లు ట్రాక్టర్లకే కాదు, కంప్రెసర్లకూ జనరేటర్లకూ వెళ్లాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి సామాను మారింది. పాత ఇనుము దుకాణంలో అన్నీ ఒకే కుప్పలో పడి ఉంటాయి, చూపుకు ఒకేలా ఉంటాయి, చాలావరకు బిగుసుకుంటాయి కూడా. బోల్టు పడింది కదా అని మనిషి నమ్మేస్తాడు.

బాగుచేయించడానికి ఇంజను విప్పినరోజే మేస్త్రి చూపించాడు. ఫ్యాక్టరీలో కనెక్టింగ్ రాడ్డునీ దాని కేపునీ కలిపి బిగించాకే బోరు చేస్తారు. జత తప్పకుండా రెండింటి మీదా సిలిండరు అంకె వేస్తారు. మా ఇంజన్లో మొదటి దాని మీద 1, రెండో దాని మీద 2, మూడో దాని మీద కూడా 2.

"ఒక ఇంజన్లో రెండు రెళ్లేటి బాబూ? ఈ రాడ్డు ఏరే బండిది. క్రాంకు మొత్తం కొలిసి బేరింగులు తెద్దాం" అన్నాడు.

"మా నాన్న బండి ఇది. ఇంకో బండి సామాను ఎందుకుంటుంది?" అన్నాను. మూడో పిస్టన్ తల పైకొచ్చినప్పుడు మిగతా రెండింటికన్నా కిందే ఆగింది. దానికీ నా దగ్గర ఏదో సమాధానం ఉంది. బ్లాకు నంబరు మా కాగితాలతో కలిసింది, నాకది చాలు. మొదటి బేరింగు వీపు తుడిచి చూస్తే 020 ఉంది. అంటే క్రాంకును అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఇరవై గ్రైండింగ్ చేశారన్నమాట. రెండోదీ అంతే. మూడోది నల్లగా మాడి ఉంది, తుడవలేదు. మూడింటికీ ఇరవై సైజే తెప్పించాను. మైక్రోమీటరు ఇంట్లో అల్మారాలోనే ఉంది.

మూడో జర్నల్, అంటే క్రాంకు మీద ఆ మూడో బేరింగు కూర్చునే చోటు, ముప్పైకి దిగి ఉంది. అంటే పావు మిల్లీమీటరు అదనపు సందు. నూనె పొర నిలబడటానికి ఉండాల్సిన సందు అందులో సగం కూడా ఉండదు. బిగించి పొలంలోకి దించాక, ఇంజను చల్లగా ఉన్నంతసేపు చిక్కటి ఆయిలు దాన్ని కప్పిపుచ్చింది. మధ్యాహ్నం దున్నుతుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయింది, కింద నుంచి టకటక మొదలైంది. అప్పుడైనా ఆపాల్సింది. సాలు పూర్తిచేద్దామని గట్టు దాకా తోలాను. బేరింగు కరిగి క్రాంకును కోసేసింది. ముప్పై దాటి గ్రైండింగ్‌కి ఇక చోటు లేదు.

ఇనుము పోయినందుకు ఇంత బాధ లేదు. షెడ్డు ముందు పదిమంది రైతులుండగా మేస్త్రిని పట్టుకుని, బిగించడం చేతకాలేదని అన్నాను. అతను మారు మాట్లాడలేదు. నా మాట విని అక్కడివాళ్లలో ఒకరిద్దరు తమ బళ్లు వేరే షెడ్డుకు తీసుకెళ్లారు. అది సరిదిద్దగలిగే కొలత నా దగ్గర లేదు.

అమ్మను అడిగి ఉంటే ముందే తెలిసేది. అడిగింది అంతా అయ్యాకే. "నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. దుక్కులప్పుడు రాడ్డు పట్టేసింది. గాజువాక వెళ్లి పాత రాడ్డు తెచ్చారు. డబ్బుల్లేక చెడిపోయిన ఆ ఒక్కచోటే సాన పట్టించారు" అంది. నాన్న తన ఇబ్బంది కొద్దీ, ఆ ఏడు బండి నడవడానికి చేసుకున్న ఏర్పాటు అది. నేను దాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలని పట్టుబట్టాను. ఆయన పడ్డ కష్టం నాకు కనిపించనంత గట్టిగా.

మేస్త్రి దగ్గరికి వెళ్లాను, జనం ఉన్న వేళ చూసుకునే. తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. "కూకోండి బాబూ" అన్నాడు, అంతే. వేరే క్రాంకు దొరికాక జర్నళ్లన్నీ నేనే కొలిచి, కాగితం మీద రాసి అతనికిచ్చాను. అతను కాగితం పక్కన పెట్టి, నా చేతిలోని మైక్రోమీటరు తీసుకుని, మొదటి జర్నల్ నుంచి మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు.