‘ఇంకో బకెట్ పడనీ’: లారీ లోడు మీద తప్పుడు సలహాలు

చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు వైపు గోదావరి ఇసుక ర్యాంపుల్లో కొత్తగా లారీ పెట్టినవాడికి అడగకుండానే సలహాలు అందుతాయి. టీ కొట్టు దగ్గర ఒకటి, పంచర్ షాపు దగ్గర ఇంకొకటి. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, చాలామంది స్టీరింగ్ మీదే తల నెరిసినవాళ్లు. అయినా ఆ సలహాలు తప్పు. వాటిని నమ్మితే నష్టపోయేది ముందు డ్రైవరు, ఆ తర్వాత ఆ దారి పొడుగునా ఉన్న ఊళ్లు.

ఎక్కువగా వినపడేది ఇది: “ఇంకో బకెట్ పడనీ అన్నా, ఏం కాదు.” 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువు హద్దులు పెంచాక ఈ మాటకు బలం వచ్చింది. పది టైర్ల లారీకి వెనక జంట యాక్సిళ్ల మీద 19 టన్నులున్న హద్దు 21 అయింది. గవర్నమెంటే పెంచినప్పుడు ఇంకో నాలుగు టన్నులకు ఏమవుతుందని అడుగుతారు. ఏమవుతుందో లెక్క ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో, ఒటావా అనే ఊరి దగ్గర, 1958 నుంచి 1960 దాకా పరీక్ష కోసమే రోడ్లు వేసి వాటి మీద లారీలు తిప్పుతూ పోయారు. తేలింది ఏమిటంటే, యాక్సిల్ మీద బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు తగిలే దెబ్బ దాదాపు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 21 టన్నుల చోట 25 పెడితే బరువు పెరిగింది ఐదో వంతే, రోడ్డుకు దెబ్బ రెట్టింపు. 31 పెడితే దాదాపు ఐదు రెట్లు. అంటే హద్దులో పోయే లారీలు ఐదు కలిసి చేసే పని ఒక్కటే చేసి పోతుంది.

భద్రాచలం నుంచి చర్ల రోడ్డు ఎక్కితే ఈ లెక్క కాగితం లేకుండానే కనపడుతుంది. లోడుతో వచ్చే వైపు తారు చక్రాల జాడలో కుంగి ఉంటుంది, రెండు జాడల మధ్య ఉబ్బి ఉంటుంది. ఖాళీగా వెళ్లే వైపు అంత పాడు కాదు. అదే రోడ్డు మీద 108లో నెలలు నిండిన ఆడబిడ్డను భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తెస్తారు. చర్ల, దుమ్ముగూడెం మండలాలకే కాదు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేలకూ ఆ ఆసుపత్రే దిక్కు. మిరప కోతలకు వచ్చే కూలీల ఆటోలూ ఆ కుంగిన జాడల్లోనే తూలుతూ పోతాయి. ఇంకో బకెట్‌కు వచ్చే కిరాయి ఓనర్ జేబులోకి పోతుంది, దాని ఖర్చు మాత్రం దారి పొడుగునా ఉన్న కోయగూడేలు భరిస్తాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

“తడి ఇసుకే ఎత్తించు, ఆరాక ఎలాగూ తేలికవుద్ది” అనేది ఇంకో సలహా. క్యూబిక్ మీటరు తడి ఇసుక రెండు టన్నులకు దగ్గరగా తూగుతుంది. ఆ నీళ్ల బరువు మోసేది మొదటి యాభై కిలోమీటర్ల రోడ్డే, అంటే అన్నిటికంటే బలహీనమైన అడవి రోడ్డు. పైగా తలుపు సందుల్లోంచి కారిన నీళ్లు తారు పగుళ్లలోకి దిగుతాయి, వెనకొచ్చే లారీ వాటిని ఇంకా లోపలికి తొక్కుతుంది. ఇసుకను ఒడ్డున కుప్ప పోసి, నీళ్లు ఓడ్చాకే ఎత్తించండి.

లిఫ్టు యాక్సిల్ ఉన్న బండికి “లోడు మీదున్నా ఎత్తే ఉంచు, టైర్లు మిగుల్తయ్” అని చెబుతారు. ఆ చక్రాలు గాల్లో ఉన్నంతసేపూ వాటి వంతు బరువు మిగతా యాక్సిళ్ల మీదే పడుతుంది. ఆ చక్రాల బ్రేకు కూడా పనికిరాదు. ఇంకా ప్రమాదమైనది ఘాట్ సలహా. చింతూరు నుంచి మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి పోయేవాళ్లకు “దిగుడులో న్యూట్రల్ కొట్టు, డీజిల్ కలిసొస్తది” అంటారు. న్యూట్రల్‌లో ఇంజిన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకు మీదే ఆగాలి. ఓవర్‌లోడు బండికి నాలుగు మలుపులు తిరిగేసరికి డ్రమ్ములు కాలి పెడల్ ఎంత తొక్కినా పట్టు చిక్కదు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ ఆ గేరులోనే దించండి.

సారపాక పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర తెచ్చేవాళ్లకు వేరే సలహా ఉంది: “వెనక ఎర్రగుడ్డ కట్టు, చాలు.” రాత్రిపూట ఎర్రగుడ్డ ఎవరికీ కనపడదు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలోంచి పొడుచుకొచ్చిన దుంగలు బైకు మీద వచ్చేవాడి ఛాతీ ఎత్తులో ఉంటాయి. చట్టం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటొద్దంటుంది. లోడు పక్కలకో వెనక్కో హద్దు మీరి పొడుచుకొస్తే బరువు సరిపోయినా జరిమానా 20,000 రూపాయలు. కర్రను పొడుగుకు తగ్గట్టు కోయించండి, పగలే తోలండి.

“పట్టుకుంటే ఫైన్ కట్టి లోడుతోనే పోవచ్చు” అనేవాళ్లు 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు సంగతి తెలియనివాళ్లు. పరమ్‌జిత్ భాసిన్ కేసులో కోర్టు తేల్చి చెప్పింది: జరిమానా కట్టినంత మాత్రాన ఎక్కువ బరువుతో సాగిపోయే హక్కు రాదు, అదనపు సరుకు దించాల్సిందే. 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఐదు టన్నులకు 30,000 అవుతుంది, దింపుడు ఖర్చు వేరే. కాటాకు ఆగకుండా పోతే 40,000. “డ్రైవరు మీదకు తోసెయ్” అని ఓనర్లకు చెప్పేవాళ్లు 113వ సెక్షన్ చదవాలి. ఓనర్‌కు తెలిసే లోడు ఎక్కిందని కోర్టు భావించవచ్చని అందులోనే ఉంది.

చివరికి వచ్చే వాదన ఇది: “పాల్వంచకు, మణుగూరుకు అంతంత ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి కదా, వాటికి లేని అడ్డు మాకేంటి?” ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు ముక్కలు చేయలేరు. అందుకే దానికి ప్రత్యేక పర్మిట్ ఇస్తారు, బరువు పంచడానికి ఎన్నో యాక్సిళ్ల ట్రైలర్ పెడతారు, దారిలో వంతెనలు తట్టుకుంటాయో లేదో ముందే చూస్తారు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించిన భద్రాచలం గోదావరి వంతెనను ఆనాటి లారీల కోసం కట్టారు. 2024లో రెండోది తెరిచేదాకా పట్టణంలోకి నది దాటే బండి ప్రతిదీ దాని మీదుగానే పోయింది. అలాంటి వంతెన మీదకు ఏ పర్మిటూ, ఏ లెక్కా లేకుండా వరసగా ఓవర్‌లోడు టిప్పర్లు ఎక్కించి, ట్రాన్స్‌ఫార్మర్‌తో పోల్చుకోవడం తగదు. ఇసుకను రెండు ట్రిప్పులు చేయవచ్చు. బొగ్గుకైతే సింగరేణి డబ్బు కలిపి కొత్తగూడెం నుంచి సత్తుపల్లికి రైలు మార్గమే వేయించారు.

కొత్త డ్రైవర్లకు నేను చెప్పేది ఒక్కటే పని. పట్టా కప్పకముందే, ర్యాంపు దాటకముందే కాటా అడగండి. ఎక్కువ తూగితే దించేదాకా తాళం తిప్పకండి. ఓనర్ ఫోన్లో అరిస్తే, కాటా చీటీ ఫొటో తీసి ఆయనకే పంపండి.