అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?

చిన్నప్పుడు ఎక్కం తప్పు చెబితే మా మేస్టారు చెవి మెలేసి అడిగే ప్రశ్న ఇది. ఇప్పుడు అదే తిట్టు మటన్ ప్యాకెట్ మీద బంగారు అక్షరాల్లో అచ్చయి కిలోకు 300 రూపాయలు అదనంగా గుంజుతోంది. 'గ్రాస్ ఫెడ్' అట. గడ్డి తిన్నదని దాని ఘనత.

మొన్న ఆదివారం ఆ ఘనత మా ఇంటికీ వచ్చింది. మా ఆవిడ ఆర్డరు పెట్టిందని చెప్పి తప్పించుకోవాలనుంది గానీ, పెట్టింది నేనే. మందుల్లేని తిండి, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తినే భోజనం అంటూ యాప్‌లో రాసింది చదివి కరిగిపోయాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. అది కూడా గ్రాస్ ఫెడ్డే.

నల్ల అట్టపెట్టె, అందులో ఐసు, ఐసులో అరకిలో మాంసం, మాంసానికి తోడు ఒక కార్డు. కార్డు మీది క్యూఆర్ కోడ్‌కు ఫోన్ చూపిస్తే పచ్చటి కొండ, నీలాకాశం, దూది మూటలాంటి తెల్ల గొర్రె ప్రత్యక్షమయ్యాయి. మన నెల్లూరు జాతి గొర్రెకు ఉన్నే ఉండదు, మేకలా నున్నటి వెంట్రుకలే. దక్కనీ గొర్రెకు ఉంటుంది, కానీ అది గొంగళ్లు నేసే ముతక ఉన్ని. బొమ్మలోని గొర్రె ఏ స్విట్జర్లాండ్ నుంచి వచ్చిందో గానీ, రోహిణి కార్తెలో పటాన్‌చెరు దగ్గర నిలబడితే దానికి మేత కన్నా ముందు మంగలి కావాలి.

మా అమ్మ కార్డు చదివించుకుంది. "గొర్రె గడ్డి తినక బిర్యానీ తింటుందిట్రా?" అంది.

అమ్మ ప్రశ్నకు జవాబు అమెరికాలో ఉంది. అక్కడ మాంసం కోసం పెంచే పశువుల్లో చాలావాటిని చివరి కొన్ని నెలలు ఫీడ్‌లాట్లనే పెద్ద పెద్ద దొడ్లలో ఉంచి మొక్కజొన్న, గింజ దాణా పెట్టి బలిపిస్తారు. కాబట్టి మా పశువు చివరిదాకా గడ్డే మేసింది అని అక్కడొకాయన చెప్పుకుంటే దానికో అర్థముంది. అయినా ఆ మాటకు ప్రమాణం రాసిపెట్టిన అక్కడి వ్యవసాయ శాఖ 2016 జనవరిలో దాన్ని వెనక్కి తీసుకుంది. పుట్టింటివాళ్లే పూచీ తగ్గించుకున్న మాట మన ఊళ్లో పట్టుచీర కట్టుకుని పేరంటానికి తిరుగుతోంది.

మా అపార్ట్‌మెంటు వెనక రోడ్డు మీదుగా అప్పుడప్పుడు ఒక మంద వెళుతుంది. తలపాగా చుట్టుకున్న పెద్దాయన పొడుగాటి కర్రకు కట్టిన కొడవలితో తుమ్మకొమ్మ వంచుతాడు. రాలిన కాయల మీద గొర్రెలు తోసుకుంటూ పడతాయి. ఆయన దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంది, డబ్బులు వేయడానికి. అందులో కొండలూ గట్రా కనిపించవు.

"ఏం మేస్తయే పెద్దాయనా ఇవి?" అని అడిగాను, నాకొచ్చిన తెలంగాణ యాసలో.

"ఏది దొరికితే గదే సారూ. మేపుదామంటే జాగ ఏడుంది? అంత ప్లాట్లేనాయె."

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు సబ్సిడీ మీద యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. గొర్రెలు వచ్చాయి. ఊరి చుట్టూ బీళ్లేమో వెంచర్లయ్యాయి. మేం కొన్న ఫ్లాటు కింద కూడా ఒకప్పుడు బీడే. అంటే ఆ గడ్డంతా మేసింది మేమే. ఇప్పుడు మెత్తటి సోఫాలో కూర్చుని, గడ్డి మేసిన మాంసం దొరుకుతుందా అని యాప్‌లో వెతుకుతున్నాం.

కూరగాయల సంగతీ అంతే. వీధి చివర కొత్త కొట్టుకు ఆకుపచ్చ బోర్డు కట్టారు: 'అంతా ఆర్గానిక్'. పొద్దున బోర్డు కడితే మధ్యాహ్నానికి వంకాయ కూడా ఆర్గానిక్ అయిపోయింది. పద్ధతి ప్రకారం సర్టిఫికెట్ కావాలంటే ఏడాది పంటల నేలకు రెండేళ్లు, పండ్ల తోటలకు మూడేళ్లు మార్పిడి కాలం ఉంటుంది. బోర్డుకైతే మేకులు కొట్టినంత సేపు చాలు. కొట్టులో దేశీ ఆవు పాలదని చెప్పే ఏ2 నెయ్యి కూడా ఉంది, గాజు సీసాలో, గుళ్లో విగ్రహంలా. ఏ1, ఏ2 అని రాయొద్దని ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో ఆదేశించి, వారం తిరక్కుండానే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. సీసా మాత్రం కదల్లేదు.

మా బాబాయి ఊళ్లో పొలానికి జీవామృతం కలుపుతాడు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు, పది కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. కర్రతో తిప్పుతుంటే వచ్చే వాసనకు మా పిల్లలు కారు అద్దాలు ఎక్కించుకుంటారు. ఆ వాసనే ఇక్కడికొచ్చేసరికి 'మట్టి పరిమళం' అని ప్యాకెట్ మీద ఎక్కుతుంది. బాబాయి ధాన్యం మాత్రం పక్క చేలోని యూరియా ధాన్యంతో కలిసి అదే మిల్లుకు, అదే ధరకు పోతుంది. సర్టిఫికెట్ తెచ్చుకోరాదా అంటే, "కాగితాలు రాయడానికి నేను కరణాన్నా?" అంటాడు.

ఇంతకీ ఆదివారం భోజనం. కార్డు వెనక వంట విధానం కూడా ఇచ్చారు: ఆలివ్ నూనె, రోజ్‌మేరీ, సన్నటి సెగ. రోజ్‌మేరీ అంటే చర్చి పేరేమో అనుకుంది అమ్మ. అయిదు విజిల్స్ వచ్చినా ముక్క ఉడకలేదు. చివరికి అమ్మే పచ్చిబొప్పాయి ముక్క ఒకటి పడేసి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసాలు నూరి వేసి కూరని కూర చేసింది. ఇంటిల్లిపాదీ కలిసి తిన్న మాట నిజమే, మూడున్నరకి. ఆకలికాగలేక చిన్నాడు అప్పటికే రెండు ప్యాకెట్ల నూడుల్స్ లాగించాడు. వాటి మీద ఆర్గానిక్ అని లేదు.

2017 నాటి నిబంధనల ప్రకారం ఆర్గానిక్ అని ప్యాకెట్ అమ్మేవాడు జైవిక్ భారత్ గుర్తు చూపించాలి. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారంతో నేరుగా మీకు అమ్మే చిన్న రైతుకు ఆ గుర్తుకు కావాల్సిన సర్టిఫికెట్ అక్కర్లేదు. కాబట్టి ఏసీ కొట్టులో గుర్తు ఎక్కడుందని గట్టిగా అడగండి. గంప పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నామెను ఊరి పేరు అడగండి, ఏం చల్లారో అడగండి. బేరం మాత్రం ఆడకండి.