దారి చెప్పు పెద్దమనిషి

బీబీపేట పరిసరములందు, ఇరుప్రక్కల రాతిగుట్టలును, సీతాఫలపు పొదలును, బోరులో నీరు పడక బీడువారిన చెలకలును చూచుచు, ఎండ నడినెత్తికెక్కిన వేళ పోవు బాటసారికి, తొవ్వలు కలిసిన చోట, వేపచెట్టు క్రింది గద్దెపై, భుజమున తువ్వాలయు చెవిసందున బీడీయు ధరించి ఆసీనుడైన ఒక పెద్దమనిషి తప్పక దర్శనమిచ్చును. సర్కారు వారు ఆయనకు ఏ ఉద్యోగమును ఇచ్చియుండలేదు; అయినను ఆ దారిన పోవు సమస్త వాహనములకును మార్గోపదేశము చేయు భారము తన శిరస్సుపైననే కలదని ఆయన దృఢవిశ్వాసము.

మీరు కారు నిలిపి, అద్దము దించి, "పెద్దయ్యా, దోమకొండకు ఏ తొవ్వ?" అని అడిగితిరా, ఆయన మొదట దారి చెప్పడు, మీ సంగతి అడుగును. "ఏ ఊరు సార్ మీది? ఎవరింటికి పోతున్రు? పెండ్లా, సావా?" ఊరక ఆ ఊరి గడికోటను చూడబోవుచున్నామని విన్నవించినయెడల, చుట్టరికము లేని ప్రయాణమును ఆయన నమ్మజాలడు. "పట్నంల ఏడుంటరు? మా బామ్మర్ది కొడుకు కూకట్‌పల్లిల ఉంటడు, ఎర్కేనా?" అని ప్రశ్నించి, లక్షలాది జనుల నడుమ ఆ కుర్రవానిని మీరెరుగకపోవుట మీ లోపముగనే యెంచి, పిమ్మట దయదలచి బాట విప్పును.

ఆ బాటయందు, ఎన్నడో కొట్టివేసిన చింతచెట్టు కాడ ఎడమకు మళ్ళవలెను. పూడిపోయిన మోటబావి దాటవలెను. ఒకానొక కాలమున కల్లుదుకాణముండిన జాగాలో కుడికి తిరుగవలెను. 2010లో ఢిల్లీలోని వారు జాతీయ రహదారుల సంఖ్యలు మార్చి, కామారెడ్డి మీదుగా పోవు 7ను 44 చేసిరి గాని, ఆయన నోట అది నేటికిని "ఏడో నంబరు రోడ్డే". 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాయై, దోమకొండ నుండి విడివడి బీబీపేట స్వయముగా మండలమైనను, ఆయన మనసులోని పటము నిజామాబాదు జిల్లాను వదలిపెట్టలేదు. ఇక దూరమందురా, ఊరి ఆడువారు ఇంటింట చుట్టు బీడీయే ఆయనకు మైలురాయి. "దగ్గెరనే సార్, రెండు బీడీలంత!" ఏ వేగమున కాల్చిన బీడీయో మాత్రము సెలవీయడు.

చేతిలోని ఫోనులో నీలిగీత చూపినచో, జాలితో తల పంకించి, "గా ఫోను ఎన్నడన్న ఈ తొవ్వల నడ్సిందా?" అనును. అప్పుడు గద్దె మీది రెండవ పెద్దమనిషి, దుబాయిలో పదేండ్లు పనిచేసి వచ్చినవాడు, గొంతు సవరించుకొని, "దుబాయిల ఎవ్వర్ని అడుగుడే ఉండదు, బోర్డు సూస్కుంట పోవుడే" అని తన అనుభవమును వెల్లడించును. దానికి మనవాడు తువ్వాల దులిపి, "అందుకే గాడ ఎండల ఎవడన్న పడ్డా, ఏ ఊరోడివని అడిగెటోడు లేడు" అని ఒక్క మాటతో ఎడారినంతటిని కొట్టివేయును.

తుదకు, "గిట్ల జెప్తె మీకు సమజ్ గాదు, నడువుండ్రి" అని, మీ యనుమతికై నిరీక్షింపక, తలుపు తెరచి ముందటి సీటును అలంకరించును. దారి పొడవునను చింతచెట్టు రాదు, అడిగినచో, ఖాళీ చెలకను చూపి, "గదే!" అనును. ప్రతి ఊరి మొగసాలను కారు మెల్లగా పోనిమ్మని ఆజ్ఞాపించి, ఎదురైన వారికెల్ల చేయి ఊపుచు, మీరు తన చుట్టములని ప్రకటించును. సంరక్షణకై 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారమునందిన దోమకొండ గడి ముందర దిగి, ఆ ఘన కట్టడము వంకకైనను చూడక, తువ్వాల సర్దుకొని ఇట్లు సెలవిచ్చును:

"మీరు నిమ్మలంగ గడి సూడుండ్రి సార్. నాకు గీడ యూరియా సంచి తీస్కునేదుంది. మల్ల గిటే వస్తరు గద, డిక్కీల జాగ ఉన్నట్టేనా?"