‘ఎక్కడైనా ఓకే’ – టీకా తాత్పర్య సహితం

మూలము: “గయ్స్, నాకు ఎక్కడైనా ఓకే. స్నో క్వాలిటీ మాత్రం ఉండాలి. టాహోది సిమెంటు. అసలు స్కీయింగంటే యూటా. మీరే డిసైడ్ చేసి చెప్పండి.”

అవతారిక: కాలిఫోర్నియాలో ఫ్రీమాంటు, శాన్ రమోన్ ప్రాంతాల్లో కాపురాలున్న కొన్ని తెలుగు కుటుంబాలు శని ఆదివారాలకు మంచుకొండ ఎక్కుదామని సంకల్పించాయి. వాట్సాప్‌లో గ్రూపు కట్టి, ఏ కొండో తేల్చుకోలేక పోల్ మీద పోల్ పెడుతున్నాయి. అప్పుడు, పూర్వం ఒకసారి యూటా వెళ్లొచ్చిన పుణ్యం చేత ఈ విషయంలో ప్రమాణపురుషుడైన అన్నగారు మంగళవారం రాత్రి అనుగ్రహించిన వాక్యమిది.

ప్రతిపదార్థము: పదాలన్నీ తేలికే గనుక వదిలేస్తున్నాను. ఆధారం లేనిదీ అక్కరలేనిదీ రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మెదకు సీమలోని కొలిచెలమవాడు, మనవాడే. ఆ నియమంలో సగమైనా అన్నగారు పాటించి ఉంటే ఈ టీకతో పనే లేదు.

అన్వయము: ‘ఎక్కడైనా ఓకే’ అన్నది ఉత్సర్గం, అనగా సామాన్యవిధి. ‘స్నో క్వాలిటీ’ దానికి అపవాదం. శాస్త్రంలో అపవాదం తనకు చెప్పిన మేరకే ఉత్సర్గాన్ని బాధిస్తుంది. ఇక్కడ మొత్తాన్నీ మింగేసింది. ఎట్లాగంటే, బోరియల్ పోదాం, ఐ-80 హైవేని ఆనుకునే ఉంటుంది, పిల్లలతో సుఖం అన్నాం. “అదీ ఒక కొండేనా” అన్నారు. హెవెన్లీ అంటే జనం, నార్త్‌స్టార్ అంటే చదును, కిర్క్‌వుడ్ అంటే మలుపులు. షుగర్ బౌల్ 1939 నాటిది, వాల్ట్ డిస్నీ సొమ్ము పెట్టాడు, అక్కడొక శిఖరానికి ఆయన పేరే ఉంది అని పిల్లల తరఫున ఒక వదినగారు విన్నవించుకుంటే, దానికి బొటనవేలి బొమ్మ కూడా పెట్టలేదు.

శంక: టాహో ఉన్న సియెరా కొండల మంచును సిమెంటనడం అబద్ధమా? కాదు. పసిఫిక్ మీది నుంచి వచ్చే తుఫాను తన తడి ముందుగా ఈ కొండల మీదే దించుకుంటుంది కాబట్టి ఇక్కడి మంచు బరువు. యూటా చేరేసరికి ఆ మబ్బులో తడి తగ్గి, అక్కడిది పొడిపొడిగా రాలుతుంది. వాక్యం నిజమే. దానితో మనకేం పని అన్నదే ప్రశ్న. ఆ తేడా అనుభవంలోకి రావాలంటే యంత్రం తగలని లోతు మంచులోకి దిగాలి. అన్నగారు ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న వాలు దాటి నీలం చతురస్రం వైపు తొంగిచూసినట్టు ఆయన ఫొటోల్లో కూడా సాక్ష్యం లేదు. ఆ ఆకుపచ్చ వాలును రాత్రిళ్లు యంత్రంతో దువ్వి చదును చేస్తారు. దాని మీద సిమెంటేదో పౌడరేదో పడ్డవాడి నడుమే చెప్పాలి.

ప్రసక్తానుప్రసక్తము: మంచుకొండకు పోయే తెలుగువాడికి మనుచరిత్రను మించిన ప్రమాణగ్రంథం లేదు. పెద్దన వర్ణించిన హిమాలయం పద్యం బడిలో అందరం బట్టీ పట్టాం గాని, ప్రవరుడి ప్రయాణపు ఏర్పాట్లను ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికొచ్చిన సిద్ధుడు ఆయన కాళ్లకు పసరు పూశాడు. ప్రవరుడు బయల్దేరాడు. గ్రూపు లేదు, పోల్ లేదు, స్థలనిర్ణయం ఒక్క క్షణంలో అయిపోయింది. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి. కొండ చూశాడు, మధ్యాహ్నమైంది. మిగతా వింతలు రేపొచ్చి చూద్దాం, ఇవాళ్టికి ఇల్లు చేరదాం అనుకున్నాడు. తీరా చూస్తే కాలి పసరు మంచునీటికి కరిగిపోయి ఉంది. ఆలంకారికులు దీన్ని కథకు బీజమన్నారు, శృంగారానికి తలుపన్నారు, వరూధిని వెంటపడి పేజీలు నింపారు. కాలిఫోర్నియా రోడ్లు చూసే కాల్‌ట్రాన్స్ వారి దృష్టితో చూస్తే ఇది టైరు పట్టు పోవడం.

నన్నడిగితే తప్పంతా సిద్ధుడిది. ఆయన లోకమంతా తిరిగినవాడు, క్షేత్రాల పేర్లు గడగడా చెప్పగలవాడు. పసరు మంచులో నిలవదన్న ఒక్క ముక్క చెప్పలేదు. తిరిగొచ్చినవాడి సలహాలో ఆ ఒక్క ముక్కే ఎప్పుడూ లోపిస్తుంది. తిరగనివాడి సలహా ఇంకా ఘోరం. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే ఆయన 1845లో అచ్చయిన తన పుస్తకంలో కాలిఫోర్నియాకు ఒక అడ్డదారి చెప్పాడు. అప్పటికి తాను ఆ దారిన పోయి ఎరగడు. 1846లో డానర్ బృందం అది నమ్మి, రోజులు పోగొట్టుకుని, ఇప్పుడు మనం స్కీలు కట్టుకుని పోయే ఆ కనుమ దగ్గరే మంచులో చిక్కుకుంది. 87 మందిలో సగానికి దగ్గరగా పోయారు. ప్రవరుణ్ణయితే అగ్నిదేవుడు ఇల్లు చేర్చాడు. మనకు దారిలో ఆగిన బండిని ఆదుకునే ట్రిపుల్ ఏ వాళ్లున్నారు, అదీ ఫోనుకు సిగ్నలుంటే.

సూత్రత్రయము: కనుమ మీద మంచు పడ్డప్పుడు కాల్‌ట్రాన్స్ వారు మూడు సూత్రాలు ప్రయోగిస్తారు. ఆర్-1: చెయిన్లు వేయాలి, స్నో టైర్లున్న మామూలు కార్లకు మినహాయింపు. ఆర్-2: నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి అయి, నాలుగింటికీ స్నో టైర్లుంటే తప్ప వేయాలి. ఆర్-3: అందరూ వేయాలి, మినహాయింపు లేదు. ఈ మూడోదానికి లక్షణమే గాని లక్ష్యం దొరకడం అరుదు. అంతదాకా వస్తే చాలాసార్లు ముందే రోడ్డు మూసేస్తారు. ఉదాహరణ దొరకని సూత్రాన్ని చూస్తే వైయాకరణుడికి కలిగే ఆనందం ఇక్కడ వివరించను. మినహాయింపు ఉన్న బండిలోనూ చెయిన్లు పెట్టుకునే ఉండాలన్నది ముఖ్యం. అన్నగారు “మనది ఏడబ్ల్యుడీ” అని ఊరుకుంటారు.

మరి వేసేదెవరు? చీకట్లో, రోడ్డు పక్కన, ఫోను లైటు పళ్ల మధ్య కరిచిపట్టుకుని, టైరు వెనక కొక్కెం కోసం తడమాలి. గ్లవుజులుంటే కొక్కెం పట్టు దొరకదు, తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. లారీ పోయినప్పుడల్లా బురద మంచు వీపు మీద పడుతుంది. సరిగ్గా అప్పుడు, లోపల హీటరు ముందు కూర్చున్న ప్రమాణపురుషుడు అద్దం కొంచెం దించి “యూటాలో ఈ గోల ఉండదు” అంటాడు. (ఉంటుంది. అక్కడి లిటిల్ కాటన్‌వుడ్ లోయ రోడ్డుకూ ఇలాంటి నిబంధనే ఉంది.)

మతభేదము: ఎపిక్ పాస్ మతం 2008లోను, ఐకాన్ పాస్ మతం 2018లోను పుట్టాయి. హెవెన్లీ, నార్త్‌స్టార్, కిర్క్‌వుడ్ మొదటివారి క్షేత్రాలు. 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగిన ప్యాలిసేడ్స్ రెండోవారిది. రెంటిలోనూ దీక్ష మంచు పడకముందే తీసుకోవాలి, డిసెంబరు మొదట్లో సాధారణంగా అమ్మకం ఆపేస్తారు. ఆ ఏడు మంచు పడకపోతే నష్టం భక్తుడిదే గాని కొండది కాదు. దీక్ష లేనివాడు రద్దీ రోజున పెద్ద క్షేత్రం గుమ్మంలో టికెట్ కొంటే మనిషికి 200 డాలర్లు దాటుతుంది. పాసులు కొందామా అని సెప్టెంబరులో అడిగితే “స్నో చూసి కొందాం” అన్నదెవరో, గ్రూపులో పైకి పోయి చూసుకోండి.

అధికారి: అనుబంధచతుష్టయంలో అధికారి ఎవరో తేల్చనిదే గ్రంథం మొదలుపెట్టకూడదు. ఈ యాత్రకు అధికారులెవరయ్యా అంటే, స్కీలు కాళ్లకు తొడుక్కోవడమే ఇంకా రాని పిల్లలు నలుగురు, గుంటూరు నుంచి వచ్చి మంకీ క్యాపు పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న ఒక అత్తగారు. ఆవిడకు కావలసింది మంచు చేత్తో తాకి ఒక ఫొటో. పిల్లలకు కావలసింది స్కీ స్కూల్లో చోటు, దగ్గర్లో బాత్రూము. వీటిలో ఏదీ యూటా అడగదు. సోడా స్ప్రింగ్స్‌లో ట్యూబుల మీద జారించినా వీళ్లకు స్వర్గమే.

తాత్పర్యము: బుక్ చేసేది మీరు, వంక పెట్టేది నేను.

పాఠాంతరము: గురువారానికి ట్రక్కీలో మనకు అందే ధరలో ఇళ్లు అయిపోయాయి. రీనోలో తీసుకున్నాను. బోరియల్‌కి టికెట్లు నా కార్డు మీద కొనేశాను, లెక్క స్ప్లిట్‌వైజ్‌లో ఉంది, దయచేసి తెరవండి. టైరు పక్కన సైజు అచ్చేసి ఉంటుంది, ఎవరి బండిది వాళ్లు ఫొటో తీసి పంపితే చెయిన్లు తెస్తాను, వేయను. పులిహోర ఈసారి మా ఇంట్లో చేయడం లేదు.