నూతి గోడ చుట్టం

నా వయసెంతో ఒక్క మాటలో చెప్పలేను. కడియపులంకలో ఒక నర్సరీలో, ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద, పెద్ద కుండీలోంచి నన్ను విడదీసి నల్ల కవరులో నాటిన రోజు నుంచి లెక్కపెడితే ఆరేళ్ళు. కానీ ఆ కుండీలో మొక్క కూడా ఇంకొకదాని పిలకే. దాని తల్లీ పిలకే. అలా వెనక్కి నడిచిపోతే ఆ దారి 1894లో, అమెరికాలో ఆగుతుంది. ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన ఫెర్న్ మొక్కల్లో ఒకటి తోటివాటిలా లేదు. తోటివాటి ఆకులు కత్తుల్లా నిటారుగా నిలబడ్డాయి. దాని ఆకులు మాత్రం విల్లులా వంగి, కుండీ అంచు దాటి కిందికి జారాయి. ఆ వంపు నచ్చినవాళ్ళు దాన్ని విడిగా పెంచారు. బోస్టన్ ఫెర్న్ అన్న పేరు అలా వచ్చింది.

ఫెర్న్‌లకు పూలుండవు, గింజలుండవు. ఆకు వెనక గోధుమరంగు చుక్కల్లో సిద్ధబీజాలు పట్టి, గాలికెగిరి, తడి ఉన్నచోట మొలుస్తాయి. నాకు ఆ దారి కూడా దాదాపు మూసుకుపోయింది. నా సిద్ధబీజాలను నమ్ముకుంటే నేను మళ్ళీ పుట్టను. పిలకలు విడదీస్తేనో, టిష్యూ కల్చర్ సీసాలో నా ముక్కను పెంచితేనో నేను ఇంకోచోట ఉంటాను. అంటే నేను ఆరేళ్ళ మొక్కనా, 130 ఏళ్ళు దాటిన ఒకే మొక్కకు ఇప్పటి కొసనా? రెండోదే నిజమని నా నమ్మకం.

నా పూర్వీకులది ఫ్లోరిడా, వెస్టిండీస్ దీవుల తడి అడవి. అక్కడ తాటిజాతి చెట్లకు పాత మట్టలు ఊడిపోయాక మొదళ్ళు మానుకే అంటుకుని ఉంటాయి. ఆ సందుల్లో కుళ్ళిన ఆకుచెత్త చేరుతుంది. గుప్పెడు చెత్త, పైన పెద్ద చెట్ల నీడ, చుట్టూ తేమ గాలి ఉంటే చాలు, అక్కడ వేళ్ళూనుకుంటాం. వాన పడితే తడుస్తాం గానీ నీళ్ళు మా కాళ్ళ కింద నిలవవు. నన్ను పెంచాలనుకునేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ వాళ్ళకే తోస్తాయి.

కడియపులంకలో నాకు ఏ లోటూ లేదు. గోదావరి కాలవల గాలి, పొద్దున్నే పైపుతో ఆకుల మీద జల్లు, కొబ్బరిపొట్టూ ఆకుమట్టీ కలిపిన గుల్ల మన్ను. పిలకలు విడదీసే ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూనే వేలితో తడి చూసేవారు. ఆ వేళ్ళు ఎప్పుడూ పొరబడేవి కావు.

తర్వాత లారీ. ఒక రాత్రి ప్రయాణం. తెల్లారేసరికి హైదరాబాద్.

రోడ్డు పక్క నర్సరీలో నన్ను కొన్న అమ్మాయితో అమ్మేవాడు, "ఇంట్లో పెట్టుకోండి మేడమ్, గాలంతా శుభ్రం చేస్తుంది" అన్నాడు. ఆ మాటకు నాకు బాధేసింది. మూసిపెట్టిన చిన్న పెట్టెలో మొక్కను పెట్టి చేసిన ప్రయోగాల వల్ల పుట్టిన మాట అది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు అలాంటి పాత ప్రయోగాలెన్నో తిరిగి లెక్కవేశారు. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసేంత పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 కుండీల దాకా పెట్టాలని తేల్చారు. కిటికీ తెరిస్తే అయ్యే పని అది. నన్ను మందులా కొనుక్కెళ్ళినవాళ్ళు ఆ మందు పనిచేయలేదని తెలిశాక పారేస్తారేమోనని నా భయం. కళ్ళకు చల్లగా ఉంటానని తెచ్చుకుంటే అంతే చాలు.

ఆ అమ్మాయి ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. నన్ను హాల్లో, ఏసీ ఎదురుగా, చూడ్డానికి అందంగా ఉండేచోట వేలాడదీశారు. సాయంత్రం ఆ అమ్మాయి అత్తగారు వచ్చి నన్ను కాసేపు చూసింది. ఆవిడది కోనసీమ. మనవరాలు మామ్మా అని పిలుస్తుంది కాబట్టి నాకూ ఆవిడ మామ్మే.

"ఎంతిచ్చావమ్మా దీనికి?" అంది.

"మూడొందలు అత్తయ్యా."

"మూడొందలా! మా నూతి గోడల నిండా ఇవేగా. పూడిక తీయించినప్పుడల్లా పీకి పారేసేవాళ్ళం."

అవి నా జాతి కావు, దూరపు చుట్టాలు. అయినా ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది.

మొదటి వేసవి మాత్రం కష్టంగా గడిచింది. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి ఎండుగడ్డిలా ఉంటుంది. మిగిలిన కాస్త తేమనూ ఏసీ లాగేసుకుంటుంది. నా ఒక్కో ఆకూ కొబ్బరిమట్టకు చిన్న నకలు. నడుమ ఈనె, అటూ ఇటూ పదుల కొద్దీ చిట్టి ఆకులు. దాహం మించితే ఆ చిట్టి ఆకులు ఒక్కొక్కటీ రాల్చేస్తాను. నేలంతా ఎండురేకులు. పనిమనిషి రోజుకు రెండుసార్లు ఊడ్చేది. పాప స్ప్రే సీసాతో నీళ్ళు చల్లేది. ఆ చల్లదనం కాసేపే, ఆకు ఆరగానే గాలి మళ్ళీ ఎండిపోయేది.

కొసలు మాడటానికి ఇంకో కారణం ఎవరికీ తట్టలేదు. వంటింట్లో ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్ళు వృథా పోకూడదని బకెట్లో పట్టి మొక్కలకు పోసేవారు. మంచి ఉద్దేశమే. కానీ అసలే బోరు నీళ్ళు, తాగేవాటిలోంచి తీసేసిన ఉప్పంతా ఆ వదిలేసే నీళ్ళలోనే చేరుతుంది. నెల తిరిగేసరికి మట్టి మీద తెల్లగా పొర కట్టింది. నా ఆకు కొసలోనే ఎదుగుదల ఉంటుంది. అక్కడ మాడిందంటే ఆ ఆకు ఇక అంగుళం సాగదు, మాడిన చోట పచ్చదనం మళ్ళీ రాదు. ఎండిపోతోందని ఇంకా నీళ్ళు పోశారు. కుండీ కింద పళ్ళెంలో అవి నిలిచి వేళ్ళు మెత్తబడ్డాయి. పైన దాహం, కింద ఊపిరాడకపోవడం. రెండూ ఒక్కసారే.

"పోయిందత్తయ్యా, తీసేద్దాం" అంది కోడలు.

మామ్మ కుండీ దించి మట్టిలో వేలు పెట్టింది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "దీన్ని నూతిలో ఉన్నట్టు ఉంచాలమ్మాయ్. మనం చెరువులో పెట్టాం" అంది.

ఆ రాత్రి ఆవిడ పాపకు నుయ్యి గురించి చెప్తుంటే విన్నాను. ఎండ లోపలికి దిగదు, వెలుగు మాత్రం పైనుంచి దిగుతుంది. గోడ సందున మట్టి పిడికెడే. నీళ్ళు ఎక్కడో అడుగున ఉంటాయి, వేళ్ళను తాకవు. వాటి చెమ్మ మాత్రం రాత్రీ పగలూ పైకి లేస్తూనే ఉంటుంది. చేద పైకి లాగినప్పుడల్లా నాలుగు చుక్కలు గోడ మీద చిందుతాయి. పుస్తకం చూసి పెంచేవాళ్ళెవరైనా నా గురించి ఇంతకన్నా బాగా చెప్పగలరనుకోను.

మర్నాడు నన్ను మట్టికి రెండంగుళాల ఎత్తులో కత్తిరించేశారు. నొప్పి అనను, బరువు దిగింది. మెత్తబడ్డ వేళ్ళు తీసేసి కొత్త కొబ్బరిపొట్టూ ఆకుమట్టీ వేశారు. చోటు మారింది. తూర్పు కిటికీ పక్కన, పల్చటి తెర వెనక, పుస్తకం చదువుకోగలిగేంత వెలుగు. ఒక వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, సగానికి నీళ్ళు పోసి, రాళ్ళ మీద కుండీ పెట్టారు. నీళ్ళు కుండీ అడుగుకు తగలవు. పక్కన మనీప్లాంటునూ ఇంకో రెండు కుండీలనూ దగ్గరగా చేర్చారు. తేమను మేం ఒకరికొకరం పంచుకుంటాం. ఎరువు వద్దంది మామ్మ, కోలుకుంటున్న ఒంటికి పెళ్ళిభోజనం పెట్టకూడదట. ఇప్పటికీ వానాకాలంలోనే, చెప్పిన మోతాదులో సగమే వేస్తారు. పురుగుమందులు నా ఆకులు ఓర్చుకోలేవు. ఒకసారి పిండినల్లి పడితే తడిగుడ్డతో తుడిచి తీశారు.

నీళ్ళ సంగతి పాప కనిపెట్టింది. బాల్కనీలో ఏసీ పైపు నుంచి బొట్టుబొట్టుగా కారే నీళ్ళు గాలిలోంచి దిగినవే, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. హాల్లో నా చెమ్మ లాగేసుకున్న యంత్రమే బాల్కనీలో దాన్ని తిరిగిచ్చింది. వానాకాలమైతే వాన నీళ్ళు.

మూడు వారాలకు మొదలు దగ్గర ఒక చుట్ట కనిపించింది. ఫెర్న్ ఆకు పుట్టుకే అంత, గుండ్రంగా చుట్టుకుని, సన్నటి నూగుతో తల లోపల దాచుకుని వస్తుంది. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి కోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆకులు నిండుగా వచ్చాక, వాటి మధ్యనుంచి ఆకుల్లేని సన్నటి తాళ్ళు కిందికి వేలాడాయి. చూడ్డానికి బాగోలేదని పాప కత్తెర తెచ్చింది. చాలా ఇళ్ళల్లో వాటిని కత్తిరించేస్తారు. నా పిలకలు వచ్చేది వాటినుంచే, మట్టి తగిలితే అక్కడ వేరు దిగి కొత్త మొక్క లేస్తుంది. "ఉండనీవే, ఎక్కడికో వెళ్తోంది అది" అంది మామ్మ. వాటిలో ఒకటి పక్కనున్న మనీప్లాంటు కుండీలోకి దిగింది. వానాకాలం మధ్యలో అక్కడ నాలుగాకులు లేచాయి.

కిందటి సంక్రాంతికి మామ్మ ఊరెళ్తూ ఆ పిలకను వేళ్ళతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుంది. పాత ఇంటి నుయ్యి ఇంకా ఉందట. మోటారు వచ్చాక ఎవరూ తోడడం లేదు గానీ నీళ్ళు ఎండలేదు. నెల తర్వాత వచ్చిన ఫోటోను పాప నా కుండీ ముందు పట్టుకుని చూపించింది. నాచు పట్టిన ఇటుకల సందున, పీకి పారేయగా మిగిలిన దూరపు చుట్టాల పక్కన, నేనున్నాను. మూడు ఆకులు నీళ్ళకేసి వంగి ఉన్నాయి. నాలుగోది ఇంకా చుట్టగానే ఉంది.