మైకేశ్వరరావు

అసలు పేరు ఆధార్ కార్డులో ఉంటుంది. సంగీత సభల్లో మాత్రం ఆయన మైకేశ్వరరావే. కచేరీ ఆరున్నరకైతే నాలుగింటికే దిగుతాడు, చంకలో స్టాండు, మెడలో హెడ్‌ఫోన్లు, జేబులో కొలత టేపు. హాలు నలుమూలలా చప్పట్లు కొట్టుకుంటూ తిరిగి, మోత ఎంతసేపు నిలుస్తోందో వింటాడు. వాచ్‌మన్‌కి మొదట్లో భయమేసేది.

ఆయన మతం స్టీరియో, శాఖ ఓ.ఆర్.టి.ఎఫ్. ఫ్రెంచి రేడియోవాళ్ల పద్ధతి: రెండు కార్డియాయిడ్ మైకులు, మధ్య 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం. మనిషి చెవుల ఎడం ఇంచుమించు అంతేనని తన తలకే టేపు పెట్టి చూపిస్తాడు. "18 అయితే ఏమవుతుందండీ?" అన్న కుర్రాడు మళ్లీ సభకు రాలేదు. మైకు తలలు రెండూ ఒకేచోట కలిపే ఎక్స్‌వై వాళ్లతో ఆయనకు వియ్యం కుదరదు. "ఫేజు గొడవ ఉండదు, నిజమే. హాలేదీ అందులో?" 1931లో బ్లూమ్‌లైన్ స్టీరియోకి పెట్టిన పేటెంటు దరఖాస్తు ప్రస్తావనకొస్తే మాత్రం చెంపలేసుకుంటాడు.

మృదంగం దగ్గర వ్యవహారం ముదురుతుంది. శ్రోతలవైపుండే కుడి మూత మీద చాపు పదునూ కావాలి, ఎడమ మూత గుముకీ కావాలి. మైకు దగ్గరైతే చెవికి చిల్లు, దూరమైతే సీలింగు ఫ్యాను.

"గురువుగారూ, ఒక్క జానెడు వెనక్కి."

పాపం, మృదంగం ఆయన జరుగుతారు.

"ఇంకో రెండంగుళాలు."

అలా జరిగి జరిగి ఘటం ఆయన ఒళ్లో పడబోయారు. వయొలిన్ ఆవిడ అలా కాదు. ఒక్క చూపు చూసింది, మైకే జరిగింది.

వీణ విషయంలో మాత్రం ఆయన మాట వినాల్సిందే. వీణకు పికప్ అతికిస్తే తీగే వినిపిస్తుంది. కుండకు రెండడుగుల దూరంలో మంచి కండెన్సర్ మైకు పెడితే పనసచెక్క పలుకుతుంది. అది నేను విన్నాను, ఒప్పుకున్నాను. ఒప్పుకున్న పాపానికి ఆ రాత్రి పదకొండింటిదాకా పార్కింగులో నిలబడి ఎం.ఎస్. (మిడ్-సైడ్) మైకుల పద్ధతి గురించి కూడా విన్నాను.

ఇంత తపస్సు చేసి రికార్డింగు వాట్సాప్‌లో పంపిస్తాడు. జనం ఫోనును స్టీలు గ్లాసులో నిలబెట్టి, వంకాయలు తరుగుతూ వింటారు.

మొన్న ఒక గాయని కచేరీకి నేను వెళ్లలేకపోయాను. మర్నాడు కనబడితే అడిగాను: "ప్రధానంగా ఏం పాడిందండీ ఆవిడ?"

కాసేపు ఆలోచించాడు.

"కొంచెం ఎడమకి పాడింది."